చవక బ్రాండ్ మదర్‌బోర్డ్ ఎవరు కొనొచ్చు, ఎవరు ఇంకో రెండు వేలు కలుపుకోవాలి

మా బావకి కరీంనగర్‌లో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పరీక్షలప్పుడు స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. మాఘమాసం ముహూర్తాలు మొదలై పని మీద పని పడుతున్న వారంలో ఆయన సిస్టమ్ ఆగిపోయింది. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. పక్క సందులో ఉండే మెకానిక్ వచ్చి చూసి, బోర్డ్ పోయిందన్నా, కొత్తది రెండు వేల మూడొందలకి వేసిస్తా అన్నాడట. బావ నాకు ఫోన్ చేసి "గింత తక్కువకు వచ్చే బోర్డ్ ఎన్ని రోజులుంటది రా, వేయించాల్నా వద్దా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పలేను, ఎందుకంటే అదే బోర్డ్ ఒకరికి సమయానికి అక్కరకొస్తుంది, ఇంకొకరికి డబ్బు దండగ అవుతుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఏది, ఆ సిస్టమ్ మీద నడిచే పని ఏంటి, అది రెండు రోజులు ఆగిపోతే మీకు ఎంత నష్టం, ఇవి తెలిస్తేనే చెప్పగలను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ధరలు మాత్రం నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో, ఆన్‌లైన్‌లో చూసిన సుమారు లెక్కలే, అవి వారం వారం మారుతుంటాయి కాబట్టి మీరు కొనే రోజు ఒకసారి అడిగి చూసుకోండి.

చవక బ్రాండ్ అని నేను అంటున్నది జీబ్రానిక్స్, కన్సిస్టెంట్, ఫ్రాంటెక్, జియోనిక్స్ లాంటి పేర్ల గురించి. పేరున్నవి అంటే అసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్. చవక బోర్డుల్లో ఒకే రకం డిజైన్ మూడు నాలుగు పేర్లతో కనబడటం మామూలే, కాబట్టి ఏ పేరు మంచిది అని పేరు పట్టుకుని వెతికితే పెద్దగా తెలిసేది ఉండదు. ముందు చూడాల్సింది చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌కీ మిగతా భాగాలకీ మధ్య పని నడిపే, బోర్డ్ మీది ముఖ్యమైన చిప్.

రెండు, మూడు వేల మధ్య దొరికే కొత్త బోర్డుల్లో ఎక్కువ కనబడేది హెచ్61. ఈ చిప్‌సెట్ 2011లో వచ్చింది, ఇంటెల్ 2, 3వ తరం కోర్ ప్రాసెసర్లకి, అంటే సాకెట్ (బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 1155కి. ఇంటెల్ దాన్ని ఎప్పుడో ఆపేసింది, అయినా మన బజార్లో ఈ రోజుకీ సీల్ ఉన్న బాక్సులో కొత్త హెచ్61 దొరుకుతుంది, ఎందుకంటే ఆ కాలం ప్రాసెసర్లు ఇంకా లక్షణంగా నడుస్తున్నాయి, పోయేవి బోర్డులే. బోర్డ్ కొత్తదే కానీ మీద ఉన్న చిప్‌సెట్ చాలాసార్లు పాత బోర్డుల నుంచి తీసి వేసింది. అది తెలిసి కొనండి, అంతే. దాని పైన 2013లో వచ్చిన హెచ్81, 4వ తరానికి. తర్వాత 2015 నాటి హెచ్110, 6, 7వ తరాలకి. ఇక్కడ ఒక చిక్కుంది: 8వ తరం ప్రాసెసర్ కూడా చూడ్డానికి అదే 1151 సాకెట్‌లో కూర్చుంటుంది, కానీ హెచ్110 మీద ఆన్ అవదు, దానికి 2018లో వచ్చిన హెచ్310 లాంటిది కావాలి. అబిడ్స్‌లోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ తీసుకుని, బోర్డ్ విడిగా కొని, రెండూ కలవక నెత్తి పట్టుకున్నవాళ్ళని నేను చూశాను.

అసలు బోర్డ్ పోయిందా?

బోర్డ్ పోయింది అని చెప్పిన పది మందిలో కొందరికి పోయింది బోర్డ్ కాదు. డబ్బు తీసే ముందు నాలుగు పనులు చేయించండి, మీ ఎదురుగానే. ర్యామ్ తీసి బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము ఊది, ఒక్క ర్యామ్ మాత్రమే పెట్టి ఒక స్లాట్‌లో, తర్వాత ఇంకో స్లాట్‌లో చూడాలి. బోర్డ్ మీదుండే గుండ్రటి 2032 బ్యాటరీ మార్చాలి, అదేమంత ఖర్చు కాదు. హార్డ్ డిస్క్, డీవీడీ, గ్రాఫిక్స్ కార్డ్ అన్నీ పీకేసి ఉత్త ప్రాసెసర్, ర్యామ్‌తో ఆన్ చేయాలి. ఇక అన్నిటికంటే ముఖ్యం, మంచి ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) ఇంకోటి తెచ్చి తగిలించి చూడాలి.

ఎస్ఎంపీఎస్ గురించి గట్టిగా చెప్తున్నాను. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్ అని రాసి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఖాళీ డబ్బాలా ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వచ్చే దెబ్బని అది ఆపదు, బోర్డ్ దాకా పంపిస్తుంది. పాత బోర్డ్‌ని చంపిన ఎస్ఎంపీఎస్‌నే కొత్త బోర్డ్‌కి తగిలిస్తే అది కూడా పోతుంది, అప్పుడు జనం "చవక బోర్డ్ కదా, ఆరు నెలల్లో పోయింది" అనుకుంటారు. నా లెక్కలో చవక బోర్డులకి వచ్చిన చెడ్డపేరులో సగం ఎస్ఎంపీఎస్‌ది.

బావ దగ్గరికి వెళ్ళి ఇవన్నీ చేశాను. నేను తీసుకెళ్ళిన ఎస్ఎంపీఎస్‌తో కూడా ఫ్యాన్ అలాగే తిరిగి ఆగింది. టార్చ్ వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లలో (కరెంటుని నిలకడగా ఉంచేవి) రెండిటి నెత్తి ఉబ్బి, ఒకదాని మీద గోధుమ రంగు పొక్కు కట్టింది. మెకానిక్ చెప్పింది నిజమే.

పాత ప్రాసెసర్ చేతిలో ఉంటే

బావ దగ్గరున్నది ఐ3-3220, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్ 7. దాని మీద పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ళ తరబడి దాచుకున్న పత్రికల డిజైన్లు. వీజీఏ మానిటర్. ఇలాంటి చోట కొత్త తరం బోర్డ్‌కి వెళ్తే ఏమవుతుందో చూడండి: బోర్డ్ మార్చాలంటే ప్రాసెసర్ మార్చాలి, డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు కాబట్టి ర్యామ్ మార్చాలి, కొత్త బోర్డుల మీద విండోస్ 7కి డ్రైవర్లు దొరకవు కాబట్టి విండోస్ మార్చాలి, విండోస్ మారితే పాత ఫాంట్లు, పాత కీబోర్డ్ లేఅవుట్, ప్రింటర్ అన్నీ మళ్ళీ మొదటి నుంచి సర్దుకోవాలి. రెండు వేల మూడొందలతో అయ్యే పని పాతిక వేల దాకా పోతుంది, అదీ ముహూర్తాల మధ్యలో.

అదే హెచ్61కి బదులు ఇంకో హెచ్61 వేస్తే, చిప్‌సెట్ ఒకటే కాబట్టి పాత హార్డ్ డిస్క్ తగిలిస్తే చాలావరకు విండోస్ అలాగే లేస్తుంది, ఒకటి రెండు డ్రైవర్లు అడుగుతుంది. బయోస్‌లో (బోర్డ్‌లోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రామ్) సాటా మోడ్, అంటే హార్డ్ డిస్క్‌తో బోర్డ్ మాట్లాడే పద్ధతి, మాత్రం పాతదానిలో ఏది ఉందో (ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా) అదే పెట్టాలి, లేకపోతే బ్లూ స్క్రీన్ వచ్చి విండోస్ పోయిందని భయపడతారు. బావకి అదే జరిగింది, మోడ్ మార్చగానే డెస్క్‌టాప్ మీద సగంలో ఆగిన పెళ్ళి పత్రిక ఫైలుతో సహా అన్నీ ఉన్నాయి. కాబట్టి 2, 3వ తరం ప్రాసెసర్, ర్యామ్ బాగున్నవాళ్ళకి, ఒకే రకం పని చేసుకునేవాళ్ళకి, చవక బ్రాండ్ హెచ్61 ఇచ్చిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఈ మాట సందేహం లేకుండా చెప్తాను.

ఇంకో మంచి విషయం చాలామందికి తెలియదు. 2011, 12 నాటి పేరున్న కంపెనీల హెచ్61 బోర్డుల్లో ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉండదు, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ నుంచి బూట్ అవడం కూడా బయోస్‌కి తెలియదు. ఇప్పుడొచ్చే చవక హెచ్61 బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాట్ పెట్టి, దాని నుంచి బూట్ అయ్యేలా బయోస్ ఇస్తున్నారు. పూర్తి వేగం రాదు, ఎందుకంటే ఈ చిప్‌సెట్ ఇచ్చేది పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 లైన్లు (డేటా పోయే దారులు), అయినా తిరిగే హార్డ్ డిస్క్ నుంచి దీనికి వస్తే మనిషికి ప్రాణం లేచొస్తుంది. కొనేటప్పుడు ఆ స్లాట్ సాటా ఎస్ఎస్‌డీ తీసుకుంటుందా, ఎన్‌వీఎంఈ తీసుకుంటుందా అని అడగండి, రెండూ ఒకే ఆకారంలో ఉంటాయి కానీ ఒకదాని చోట ఒకటి పనిచేయవు.

ఇక లోపాలు. హెచ్61 చిప్‌సెట్‌లో సొంతంగా యూఎస్‌బీ 3.0 లేదు, సాటా వేగం 3 గిగాబిట్ దగ్గరే ఆగుతుంది, ర్యామ్ రెండు స్లాట్లు, మొత్తం 16 జీబీ. వెనకాల నీలం రంగు పోర్ట్ కనబడితే అది నిజంగా 3.0 అవునో కాదో పెన్‌డ్రైవ్‌లో పెద్ద ఫైల్ కాపీ చేసి చూస్తేనే తెలుస్తుంది. సౌండ్, పోర్టుల సంగతి ఓ మాదిరిగా ఉంటాయి. కానీ జనాన్ని నిజంగా ఇబ్బంది పెట్టేది, ఎవరూ ముందు చెప్పనిది లాన్ పోర్ట్, అంటే ఇంటర్‌నెట్ వైరు తగిలించే చోటు. చాలా చవక హెచ్61 బోర్డుల మీద ఉండేది 100 ఎంబీపీఎస్ లాన్. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ పెట్టించుకున్నవాళ్ళు వైర్ తగిలించి స్పీడ్ టెస్ట్ చేస్తే 94 దగ్గర ఆగుతుంది, ఇంటర్‌నెట్ వాళ్ళకి కంప్లయింట్ మీద కంప్లయింట్ చేస్తారు, వాళ్ళొచ్చి ల్యాప్‌టాప్‌తో చూపిస్తే 200 వస్తుంది. బాక్స్ మీద 10/100 అని ఉందా, 10/100/1000 అని ఉందా అన్నది ఒక్కసారి చదవండి. డీటీపీ షాపుకి 100 సరిపోతుంది. ఫైళ్ళు నెట్‌వర్క్‌లో అటూ ఇటూ పంపుకునే ఫోటో స్టూడియోకి సరిపోదు.

విండోస్ సంగతి కూడా చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంటే భద్రతా అప్‌డేట్‌లు మామూలుగా ఇక రావు. విండోస్ 11 అధికారికంగా కావాలంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్ లాంటిది), ఇంటెల్‌లో 8వ తరం నుంచి ప్రాసెసర్ ఉండాలి. అంటే హెచ్61, హెచ్81, హెచ్110 ఏది కొన్నా ఆ సిస్టమ్ మీద బ్యాంక్ లావాదేవీలు, జనం ఆధార్ కాగితాలు, పాస్‌వర్డ్‌లు నడపడం నాకు ఇష్టం లేదు. బావకి కూడా అదే చెప్పాను, డిజైన్ సిస్టమ్‌లో డిజైన్ మాత్రమే చెయ్యి, డబ్బు పనులు ఫోన్‌లో చూసుకో అని. మీసేవ లాంటి సెంటర్ నడిపేవాళ్ళు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేవాళ్ళు ఈ పాత బోర్డుల మీద రెండు వేలు పెట్టకుండా, 8వ తరం ఉన్న రీఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ సిస్టమ్ మొత్తంగా తీసుకోవడం మేలు.

సెకండ్‌హ్యాండ్ పేరున్న బోర్డ్ తీసుకుంటే ఎలా ఉంటుంది అని అడుగుతారు. పాత గిగాబైట్‌నో అసుస్‌నో నమ్మకమైన మనిషి దగ్గర, ఆన్ చేసి చూపిస్తే తీసుకోండి, బోర్డ్ తయారీ నాణ్యత అందులో బాగుంటుంది. కానీ అది కూడా పదేళ్ళు దాటిన బోర్డే, కెపాసిటర్ల వయసు అదే, వారంటీ ఉండదు. ఇంకోటి, డెల్, హెచ్‌పీ ఆఫీసు సిస్టమ్‌ల నుంచి పీకిన బోర్డులు తక్కువకి అమ్ముతుంటారు. వాటి పవర్ కనెక్టర్, ముందు బటన్ వైరింగ్, స్క్రూ బొక్కలు వేరేగా ఉండొచ్చు, మీ మామూలు క్యాబినెట్‌లో కూర్చోదు. బొమ్మ చూసి డబ్బు పంపకండి.

కొత్తగా సిస్టమ్ కట్టించుకుంటుంటే

ఇక్కడ నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. కొత్త ప్రాసెసర్, కొత్త ర్యామ్, కొత్త ఎస్ఎస్‌డీ కొంటూ బోర్డ్ దగ్గర మాత్రం పదిహేను వందలో రెండు వేలో మిగుల్చుకుందామని చవక బ్రాండ్‌కి వెళ్ళకండి.

ఇప్పుడు తక్కువలో కట్టించుకునేవాళ్ళు ఎక్కువగా తీసుకునేది 2022లో వచ్చిన హెచ్610 మీద ఐ3-12100 లేదా ఐ5-12400, లేకపోతే ఏఎండీలో 2020 నాటి ఏ520 మీద రైజెన్ 5 5600 లాంటిది. హెచ్610 పేరున్న కంపెనీలది ఆరు వేల అటూ ఇటూ ఉంటే, చవక బ్రాండ్‌ది నాలుగు, నాలుగున్నరకి దొరుకుతుంది. మొత్తం సిస్టమ్ ముప్పై, నలభై వేలు అయ్యేటప్పుడు ఈ తేడా చాలా చిన్నది, దాని వల్ల పోగొట్టుకునేది మాత్రం చిన్నది కాదు.

మొదటిది వీఆర్ఎం. ప్రాసెసర్ చుట్టూ నల్లటి చిన్న చిప్పులు, బూడిద రంగు పెట్టెల్లాంటి కాయిల్స్ వరసగా ఉంటాయి కదా, ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్ట్‌లని ప్రాసెసర్‌కి కావలసిన ఒక వోల్ట్ చిల్లరకి దించేది అవే. ఐ5-12400 బాక్స్ మీద 65 వాట్ అని ఉన్నా పూర్తిగా పరిగెత్తినప్పుడు 117 వాట్ దాకా తీసుకోవచ్చు. 1.2 వోల్ట్ అనుకుంటే దాదాపు వంద ఆంపియర్లు ఆ చిన్న చిప్పుల్లోంచి పోవాలి. అవి తక్కువ ఉండి, మీద హీట్‌సింక్ కూడా లేకపోతే మే నెలలో మన ఇళ్ళలో అవి కాలిపోయేంత వేడెక్కుతాయి, బోర్డ్ తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. మీరు ఐ5కి డబ్బిచ్చి ఐ3 పని చేయించుకుంటున్నట్టే. ఐ3-12100 గరిష్ఠం 89 వాట్, దానికి మామూలు హెచ్610 చాలు. ఐ7-12700 అయితే 180 దాకా పోతుంది, దాన్ని చవక హెచ్610 మీద పెట్టడమంటే ఎద్దుల బండికి లారీ లోడు ఎత్తడమే. ఐ7 మీద మోజుంటే బోర్డ్ కూడా బీ660, బీ760 చిప్‌సెట్ల దాకా వెళ్ళాలి.

రెండోది బయోస్ అప్‌డేట్‌లు. హెచ్610 వచ్చినప్పుడు 12వ తరం మాత్రమే ఉంది, 13, 14వ తరాలు దాని మీద నడవాలంటే బయోస్ కొత్తది వేయాలి. ఇదే కాదు, ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువై అవి పాడవుతున్నాయన్న గొడవ వచ్చి, 2024లో ఇంటెల్ ఇచ్చిన సవరణ జనానికి చేరింది బయోస్ అప్‌డేట్‌ల ద్వారానే. పేరున్న కంపెనీల సైట్‌లో మీ మోడల్ నంబర్ కొడితే తేదీలతో సహా బయోస్ ఫైళ్ళు వరసగా ఉంటాయి. చవక బ్రాండ్ బోర్డ్ కొనే ముందు మీరే ఆ మోడల్ పేరు కొట్టి వెతకండి. డౌన్‌లోడ్ పేజీ దొరక్కపోతే, లేదా ఉన్నా అందులో ఒకే ఒక్క పాత ఫైల్ ఉంటే, అక్కడే మీకు జవాబు దొరికినట్టు.

మూడోది నా సొంత అనుభవం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మా ఇంటికి సిస్టమ్ కట్టినప్పుడు పదహారు వందలు తక్కువని చవక హెచ్610 ఒకటి తెచ్చాను. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదో నెలలో ఒక రోజు 16 జీబీ ర్యామ్ కాస్తా 8 చూపించింది. ర్యామ్‌లు అటూ ఇటూ మార్చి చూస్తే రెండో స్లాట్ పనిచేయడం లేదు. షాపులో ఇచ్చాను, వాళ్ళు డిస్ట్రిబ్యూటర్‌కి పంపారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో. వారంటీ ఉంది, ఎవరూ కాదనలేదు, బోర్డ్ మార్చి ఇచ్చారు కూడా, కానీ అది నా చేతికి వచ్చేసరికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. అన్ని రోజులూ ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ అట్టపెట్టెలో పడి ఉన్నాయి, పిల్లకి ఎంసెట్ మాక్ టెస్టులకి నా ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చి నేను రాత్రిళ్ళు పనిచేసుకున్నాను. పదహారు వందలు మిగిలాయని సంతోషించిన రోజు నాకు బాగా గుర్తుంది.

వారంటీ కార్డ్ మీద మూడేళ్ళు అని రాసి ఉండటం వేరు, బోర్డ్ ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందన్నది వేరు. పేరున్న కంపెనీలు కూడా రేపే ఇస్తాయని కాదు, కానీ హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో తెలుస్తుంది, సీరియల్ నంబర్ కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. చవక బ్రాండ్‌లలో ఏడాది మాత్రమే ఇచ్చేవి ఉన్నాయి, మూడేళ్ళు ఇచ్చేవీ ఉన్నాయి. కొనేటప్పుడు షాపాయన్ని అడగాల్సిన ప్రశ్న ఇది: "పోతే మీరు ఇక్కడే మార్చి ఇస్తారా, పైకి పంపి తెప్పిస్తారా?" ఇక్కడే మార్చి ఇస్తానని బిల్లు మీద రాసిచ్చే షాపు దొరికితే, అలాంటప్పుడు చవక బ్రాండ్ గురించి కూడా ఆలోచించొచ్చు.

ఎక్స్99 అనే పేరుతో, సర్వర్లలో వాడేసిన జియాన్ ప్రాసెసర్‌తో కలిపి అమ్మే చైనా కిట్‌ల గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. తక్కువ డబ్బుకి పన్నెండు కోర్లు, పద్నాలుగు కోర్లు అని ఆశపెడతాయి. ఎక్స్99 అని పేరున్నా చాలావాటిలో ఉండేది వేరే పాత చిప్‌సెట్. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే స్క్రీన్ రాదు, స్లీప్ మోడ్ సరిగ్గా పనిచేయదు, కరెంటు ఎక్కువ తాగుతుంది, పాడైతే అడిగే దిక్కు ఉండదు. బయోస్ విప్పి సరిచేసుకోగలిగినవాళ్ళు సరదాకి తీసుకోవచ్చు. చదువుకునే పిల్లాడికి ఇవ్వకండి.

షాపులో నిలబడి చూసుకోవాల్సినవి

చవక బోర్డే కొంటున్నారనుకోండి, బాక్స్ అక్కడే తెరిపించండి. ముందు సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి వేసి చూడండి. ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు బోర్డ్ మీదే ఉంటాయి, వందల కొద్దీ, వెంట్రుకంత సన్నగా. పక్క నుంచి వెలుగు పడితే అన్నీ ఒకే వైపు ఒరిగి కోసిన వరి మడిలా సమంగా మెరవాలి. ఎక్కడైనా ఒకటి వేరేగా మెరిస్తే, అది వంగిందన్నమాట. అలాంటి బోర్డ్ వెనక్కిచ్చేయండి, ఎందుకంటే ఇంటికెళ్ళాక చూసి తెస్తే మీరే వంచారంటారు, వంగిన పిన్నుకి మామూలుగా కంపెనీలు వారంటీ ఇవ్వవు.

తర్వాత బోర్డ్ తిప్పి వెనక చూడండి, సోల్డరింగ్ మధ్య తెల్లటి మరకలు, తుప్పు ఉండకూడదు. ప్రాసెసర్ దగ్గర కెపాసిటర్లు ప్లాస్టిక్ తొడుగు లేని అల్యూమినియం గుండీల్లా ఉంటే అవి సాలిడ్ రకం, ఎక్కువ కాలం ఉంటాయి. నల్లటిదో ఆకుపచ్చదో తొడుగు ఉండి పైన గీతల గుర్తు ఉంటే పాత రకం, వేడికి ఉబ్బేవి ఎక్కువగా అవే. వీలైతే మీ ప్రాసెసర్, ర్యామ్ తీసుకెళ్ళి షాపులోనే ఆన్ చేయించండి, రెండు ర్యామ్ స్లాట్లూ, అన్ని యూఎస్‌బీ పోర్టులూ చూడండి.

బోర్డ్‌తో డ్రైవర్ సీడీ ఇస్తారు, మీ సిస్టమ్‌కి డీవీడీ డ్రైవ్ ఉండదు, లాన్ డ్రైవర్ లేనిదే నెట్ రాదు, నెట్ లేనిదే డ్రైవర్ రాదు. ఆ సీడీని షాపులోనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వమనండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు, ఆ 18 శాతం జీఎస్టీ మీద ఆశ పడొద్దు, బిల్లు లేకపోతే వారంటీ లేనట్టే.

ఇంటికొచ్చాక మొదటి రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టి వదిలేయండి. మర్నాడు మీరు రోజూ చేసే పనే నాలుగైదు గంటలు ఆపకుండా చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి బాక్స్ తెరవకుండా వచ్చే ఆదివారం చూద్దాంలే అని పక్కన పెట్టకండి.

బావ షాపులో ఆ రెండు వేల మూడొందల హెచ్61 బోర్డే వేయించాం, దాంతో పాటు పేరున్న ఎస్ఎంపీఎస్ ఒకటి, బోర్డ్ కంటే దానికే కొంచెం ఎక్కువైంది, ఆ మాటకి బావ మొదట ఒప్పుకోలేదు. తర్వాత వారం నేను సీటీసీకి వెళ్ళినప్పుడు అదే మోడల్ బోర్డ్ ఇంకోటి తెమ్మని ఆయనే డబ్బు పంపాడు. ముహూర్తాల రోజుల్లో ఒక్క పూట షాపు ఆగితే పోయేది అంతకంటే ఎక్కువని ఆయన లెక్క, నాకూ అది సరైన లెక్కే అనిపించింది. రెండో బోర్డ్‌ని ఒక రోజంతా ఆయన ప్రాసెసర్‌తోనే నడిపి చూసి, బయోస్‌లో సాటా మోడ్ ముందే సరిచేసి, ఆ మోడ్ ఏదో అట్టపెట్టె మీద స్కెచ్ పెన్‌తో రాసి పెట్టాం. ఇప్పుడు అది బీరువాలో పత్రికల శాంపిళ్ళ పక్కన, థర్మల్ పేస్ట్ ట్యూబ్, కొత్త 2032 బ్యాటరీతో పాటు ఉంది.